నాన్న డబ్బాల్లో లేని పాలు

మొన్న మా అమ్మాయి ఆన్‌లైన్‌లో ఏదో పొట్లం తెప్పించింది. జున్ను పొడి అట. మామూలు పాలల్లో కలిపి ఆవిరి మీద పెడితే చాలు, జున్ను తయారట. ఆవూ అక్కర్లేదు, అది ఈనేదాకా ఎదురుచూడ్డమూ అక్కర్లేదు. "నీకిష్టమేమోనని తెప్పించానమ్మా" అంది పాపం. మిరియాలు, యాలకులు, బెల్లం కలిసిన వాసన వంటింట్లోంచి హాల్లోకి వచ్చేసరికి నేను లేచి కిటికీ తెరిచాను. "బావుంది, నువ్వు తినవే" అని తప్పించుకున్నాను. అది మొహం ముడుచుకుంది. దానికెలా చెప్పను? చెప్పాలంటే ఎడారి దాకా వెళ్ళి రావాలి.

నా చిన్నప్పుడు మేం ఖతర్‌లో ఉండేవాళ్ళం. ఇప్పటి దోహా కాదు లెండి. వెస్ట్ బేలో ఇప్పుడు మెడ నొప్పెట్టేలా తలెత్తి చూడాల్సిన టవర్లున్నాయి కదా, అప్పుడక్కడ సముద్రమూ గాలీ ఇసకా, దూరంగా ఒక పెద్ద హోటలూ. శుక్రవారం సాయంత్రం చాప వేసుకుని కూర్చుంటే కంటికి అడ్డం వచ్చేదేమీ ఉండేది కాదు. మా ఫ్లాట్ పాత బస్తీలో, ఇరానీ రొట్టెల దుకాణం పైన. పొద్దున్నే రొట్టె కాలిన వాసన, మధ్యాహ్నం ఏసీ కింద తడిసిన గోడ వాసన. ఈ రెండింటినీ మించింది మా నాన్న వాసన.

నాన్న పశువుల దాణా కంపెనీలో పనిచేసేవాడు. వెటర్నరీ చదివాడు గానీ ఆయన డ్యూటీ అంతా దూడల పొడుల చుట్టూనే. దూడలకిచ్చే పాలపొడి, విటమిన్ల పొడి, ఎముకలు గట్టిపడే పొడి, ఈస్టు, పేగుల్లో మంచి క్రిములు పెంచే పొడి, ఆకలి పుట్టించే వెల్లుల్లి పొడి. వీటన్నిటి శాంపిల్ డబ్బాలూ మా బాల్కనీలోనే. బట్టలారేసుకునే చోటు లేక అమ్మ రోజూ ఆయన్ని సాధించేది. ఉతికిన చీర కూడా వెల్లుల్లి వాసనేస్తుంటే ఎవరికి మండదు?

ఆ పాలపొడి మాత్రం వెనిలా వాసనతో తియ్యగా, భలేగా ఉండేది. నేనూ, ఎదురు ఫ్లాట్లో మలయాళీ అమ్మాయీ మధ్యాహ్నం అమ్మ నడుం వాల్చగానే బాల్కనీలో చేరి చెంచాలతో లాగించేవాళ్ళం. ఒకసారి పొడి మూతికంటుకుని ఉండగానే నాన్నకి దొరికిపోయాను. తిడతాడనుకున్నాను. ఆయన నా ఎదురుగా గొంతుక్కూర్చుని, "ఎలా ఉంది? చివర్లో చేదేమన్నా తగిలిందా? దూడలు వదిలేస్తున్నాయని ఒకతను అంటున్నాడు" అని అడిగాడు. అమ్మ లేచొచ్చి విని, "రేపు అది అంబా అంటే నన్నడక్కండి" అని లోపలికి పోయింది.

అన్నం దగ్గర కూడా ఆ గోలే. తను తిరిగే పశువుల తోటల్లో ఎక్కడ దూడ పేడ ఎలా వేసింది, గట్టిగానా పలచగానా, ఏ రంగు అని పప్పన్నం కలుపుకుంటూ చెప్పేవాడు. "మీకు దండం పెడతానండీ, చెయ్యి కడుక్కున్నాక చెప్పండి" అనేది అమ్మ. ఆయనకి తన పొడుల మీద అంత నమ్మకం. "దీంట్లో లేనిదంటూ లేదయ్యా. తల్లి కూడా ఇంత కొలిచినట్టు ఇవ్వలేదు" అని వెళ్ళిన ప్రతి తోటలోనూ చెప్పేవాడు. నేను వెంట వెళ్ళినప్పుడు వినీవినీ ఆయనకంటే ముందే గొణిగేదాన్ని.

అలా వెళ్ళే తోటల్లో ఒకటి ఉమ్ సలాల్‌లో ఉండేది. ఒక ఖతరీ పెద్దాయనది. తోటని వాళ్ళు మజ్రా అంటారు. ఖర్జూరం చెట్లు, మేకలు, రేకుల పందిరి కింద కొన్ని నలుపు తెలుపు ఆవులు. వాటిని చూసుకునేది కడప వైపు మనిషి. డ్రైవర్ పనికని వచ్చి ఆవుల దగ్గర తేలాడు. "స్టీరింగ్ పట్టుకుంటాననుకుని వచ్చినా సార్, ఈడ తోకలు పట్టుకుంటాండా" అని నవ్వేవాడు. నాకు ఆయన కడప మామ. అమ్మని అక్కా అనేవాడు, వయసులో ఆయనే పెద్ద అయినా సరే. శుక్రవారం మేం వెళితే ఆయన ప్రాణం లేచొచ్చేది. అమ్మ పులిహోర, గోంగూర పచ్చడి పట్టుకెళ్ళేది. ఆయన చిక్కటి టీ కాచి గాజు గ్లాసుల్లో పోసేవాడు. ఇద్దరూ చెట్టు నీడన కూర్చుని వాళ్ళ వాళ్ళ ఊళ్ళ వానల గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఎడారిలో కూర్చుని వానల కబుర్లేమిటో.

అప్పుడు అమ్మ కడుపుతో ఉంది. ఇంట్లో ఆ సంతోషం ఎవరం పైకి అనేవాళ్ళం కాదు. ఎందుకంటే నాకూ ఈ కడుపుకీ మధ్య ఒక బాబు పుట్టాడు. అమ్మ పురుటికి ఊరికెళితే అక్కడే పుట్టి, నెల నిండకుండానే విరేచనాలు పట్టుకుని అక్కడే పోయాడు. నాన్న చూడనే లేదు వాణ్ణి. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. ఈసారి పురుడు ఇక్కడే, ఎక్కడికీ పంపనని నాన్న గట్టిగా చెప్పాడు. అమ్మ నడుస్తున్నా, కూర్చున్నా, కూర కలియబెడుతున్నా ఒక చెయ్యి కడుపు మీదే ఉండేది. తియ్యమంటే భయం.

ఒక శుక్రవారం టీ తాగుతూ మాటల్లో అంది. "ఏమిటో అన్నా, మిరియాలు ఘాటుగా తగిలే జున్ను తినాలనుంది. ఇక్కడెక్కడ దొరుకుతుంది, నా మొహం."

కడప మామ గ్లాసు కింద పెట్టేశాడు. "యాడో దొరికేదేంది అక్కా? అదో, ఆ చివర ఆవు సూడిది. తొలిచూలు. నెల తిరక్కముందే ఈనుతాది. మొదటి పాలు నీకే."

"అబ్బే, ఊరికే అన్నానన్నా."

"కడుపుతో ఉండే మనిషి అడిగినాక నేను ఊరుకుంటానా? మా ఆడబిడ్డ అడిగితే తేనా?" అన్నాడు.

అన్నట్టే తెచ్చాడు. ఒక గురువారం మధ్యాహ్నం తోట కూరగాయలు యజమాని ఇంట్లో దింపడానికి ఊళ్ళోకొచ్చిన బండిలో, మూత చుట్టూ గుడ్డ కట్టిన స్టీలు క్యాను పట్టుకుని మా మెట్లెక్కాడు. ఆ పాలు ఇప్పటికీ నా కళ్ళకి కడుతున్నాయి. పసుపు కలిపినట్టు, గరిటెతో ఎత్తితే తీగ సాగేంత చిక్కగా. అమ్మ మొహం చూడాలి. ఎన్నాళ్ళకి అలా నవ్విందో. "కూర్చో అన్నా, ముద్ద తిని వెళ్ళు" అంటే, "యల్లా యల్లా, పోవాల, బండి ఆపుకుని ఉండారు" అంటూ దిగిపోయాడు.

మామూలు పాలు కలిపి, బెల్లం కోరి, మిరియాలు కచ్చాపచ్చాగా దంచి, యాలకులు వేసి ఇడ్లీ పాత్రలో ఆవిరికి పెట్టింది అమ్మ. జున్ను వండుకుని ఒక్కరే తినకూడదు కదా, పదిమందికీ పెట్టాలి. ఎదురు మలయాళీ వాళ్ళకి గిన్నె, కింద రొట్టెల తాతకి గిన్నె. ఆ తాత చెంచాతో కదిపి చూసి, ఇదేదో వెన్న అనుకుని రొట్టె మీద రాసుకున్నాడు. అమ్మ నవ్వి నవ్వి గోడ పట్టుకుంది. నాన్న ఆరోజు మదీనత్ అల్ షమాల్ వైపు తోటలన్నీ తిరిగి, ఇసక కొట్టుకుని ఇంటికొచ్చాడు. స్నానం కూడా చెయ్యకుండా తినడానికి కూర్చున్నాడు. తింటూ తింటూ, "దూడ తాగాకే పిండాడు కదా?" అన్నాడు.

"తాగకుండా ఎందుకుంటుంది? పల్లెటూరి మనిషి, అతనికి తెలీదా?" అంది అమ్మ. నాన్న ఇంకో ముక్క వేయించుకున్నాడు.

మర్నాడు కడప మామకి గిన్నెడు జున్ను పట్టుకుని బయల్దేరాం. తోటకి వెళ్ళగానే నాన్న అలవాటుగా ముందు దూడ దగ్గరికెళ్ళాడు. పెయ్యదూడ. నుదుటి మీద ఇంత తెల్ల మచ్చ. ముడుచుకుని పడుకునుంది. నేను మొహం దగ్గర చెయ్యి పెడితే చప్పరించింది గానీ దానికి ఊపు లేదు. నాన్న వంగి చెవులు పట్టుకుని చూసి, "తల్లి దగ్గర ఎన్నిసార్లు వదిలావ్?" అన్నాడు.

"వదల్లేదు సార్. ఈడ వదలరు గదా, వేరేగా కట్టి బకెట్లో పోయడమే గదా పద్ధతి."

"సరే, తల్లి పాలే పోశావు కదా బకెట్లో?"

కడప మామ అమ్మ వంక చూశాడు. "తొలిచూలుది సార్. పాలు శానా తక్కువ దిగినాయి. అక్కకి చాలవని మొత్తం పిండి తెచ్చినా. దూడకి మన పొడి కలిపి పోసినా. అన్నీ ఉండాయి అందులో, తల్లి కంటే బాగా ఇస్తాదని మీరే చెప్తిరి గదా."

నాన్న అక్కడే ఆ పెంట మీదే కూలబడ్డాడు. ఇస్త్రీ ప్యాంటుతో. తర్వాత చాలా మెల్లిగా చెప్పాడు. "పుట్టిన దూడకి రోగాన్ని ఆపుకునే శక్తి సొంతంగా ఉండదయ్యా. తల్లి దగ్గర్నుంచి ఆ మొదటి పాలల్లోనే రావాలి. అదీ పుట్టిన పూటే. ఒక రోజు దాటిందా, పేగు ఇంక దాన్ని రక్తంలోకి పోనివ్వదు. తలుపు మూసుకుపోయినట్టే."

"ఇప్పుడు పిండి పోచ్చా సార్. ఇప్పుడే పిండుతా."

"పొయ్యి. పొయ్యడం మంచిదే. కానీ తలుపు మూసుకుపోయింది." తన చేతులు చూసుకుని, "నా డబ్బాల్లో అన్నీ ఉన్నాయి. అదొక్కటి లేదు. ఆ సంగతి నీకు నేనెప్పుడూ చెప్పలేదు" అన్నాడు.

అమ్మ గిన్నె పట్టుకుని అలాగే నిలబడి ఉంది. "అంటే దాని పాలు నేను తిన్నానా?" అంది. ఇంకో చెయ్యి ఎప్పట్లాగే కడుపు మీదుంది. ఆ క్షణం నుంచి ఆ దూడ బతకడమూ, తన కడుపులో బిడ్డ బతకడమూ అమ్మకి ఒకటైపోయాయి. ఆ మాట దాచుకోలేదు కూడా. దారి పొడుగునా కార్లో అదే మాట. "ఆ దూడకేమైనా అయితే నా బిడ్డ దక్కదండీ. ఒక తల్లి పాలు లాక్కుని తిన్నాను."

"పిచ్చిమాటలు మాట్లాడకు" అన్నాడు నాన్న. అని, ఇంటికి రాగానే బాల్కనీలోకి వెళ్ళి డబ్బాలు ఏరడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత రోజులన్నీ నాకు ఒక్కటే రోజులా గుర్తున్నాయి. బడి నుంచి రాగానే ఉమ్ సలాల్. నాన్న తెలిసినవి ఏవీ వదల్లేదు. ఉప్పు పంచదారల నీళ్ళు, మంచి క్రిముల పొడి, విటమిన్లు, సూదిమందు. తోటి డాక్టర్లందరికీ ఫోన్లు. అమ్మ వద్దన్నా వినేది కాదు. పీట వేసుకుని కూర్చుని, దూడ తల తొడ మీద పెట్టుకుని సీసాతో పట్టేది. "తాగమ్మా, బంగారు తల్లీ, ఇంకొక్క గుక్క" అని బతిమాలేది. కడప మామ పక్కన తడిగుడ్డ పట్టుకుని నిలబడేవాడు, తప్పు చేసిన పిల్లాడిలా. తల్లి ఆవు కట్టు దగ్గర్నుంచి అరిచేది. దానికి తెలిసో తెలీకో.

మధ్యలో ఒకరోజు కాస్త లేచి నిలబడింది. తోక కూడా ఆడించింది. ఆ సాయంత్రం అమ్మ ఇంట్లో పాట హమ్ చేస్తూ అన్నం వండింది. కానీ మర్నాడు వెళ్ళేసరికి దూడకి తెల్లటి నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. అమ్మ అది చూసి పాలిపోయింది. నాన్న మోచెయ్యి పట్టుకుని, "ఇలాగే" అంది. "వాడికీ ఇలాగేనండీ. అచ్చం ఇలాగే." మా ఇంట్లో ఆ బాబు మాట పైకి వినడం నాకదే మొదటిసారి. నాన్న దూడ నోట్లో మందు పోశాడు.

వారం తిరక్కుండానే పోయింది అది. నాన్నకి అబద్ధం చెప్పడం రాదు. మధ్యాహ్నం వేళ కాని వేళలో ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండా గుమ్మంలో నిలబడితే అమ్మకి అర్థమైపోయింది. ఏడవలేదు. లోపలికెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. రెండు పూటలా అన్నం ముట్టలేదు. "నీకోసం కాదు, లోపలున్నదానికోసం తినవే" అని నాన్న ముద్దలు కలిపి తినిపించాడు. మా నాన్న అమ్మకి తినిపించడం నేను చూసింది అప్పుడే.

తర్వాత కడప మామ వచ్చాడు. గుమ్మం దాటి రానంటాడు. "ఏమన్నాడు మీ యజమాని?" అని అడిగాడు నాన్న. "దేవుడిచ్చె, దేవుడు తీసుకునె, ఖలాస్ అన్నాడు సార్. నాలుగు తిట్టినా బాగుండు" అని భుజమ్మీద తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "నీ కోరిక తీర్చాలనుకున్యా అక్కా. ఇట్లయితాదని తెలీకపాయె."

అమ్మ లేచొచ్చి ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. "ఆశపడింది నా నాలిక అన్నా. నువ్వేం చేశావ్? నన్ను ఇంటి ఆడపిల్ల అనుకోబట్టేగా తెచ్చావ్" అంది. ఆరోజు ఆయన మా ఇంట్లో భోంచేశాడు. మజ్జిగ దగ్గరికొచ్చేసరికి అమ్మే ఊళ్ళో వానల మాట ఎత్తింది.

పురుటికి మా నాయనమ్మ దిగింది. ఆవిడకి గల్ఫంతా దుబాయే. ఖతర్ అని ఎంత చెప్పినా, "ఏదైతేనేం, దుబాయే కదా" అనేది. పెట్టె నిండా బాలింత కాయం, ఆముదం సీసా, తేనె, మెత్తటి పాత చీరల పొత్తిగుడ్డలు. మా ఊళ్ళో ఎవరింట పురుడైనా ముందు కబురెళ్ళేది ఆవిడకే. మంత్రసాని కాదు గానీ ఆవిడ పక్కనుంటే ధైర్యం అనేవారు. వచ్చిన రోజే బాల్కనీలో డబ్బాలన్నీ మూతలు తీసి వాసన చూసి, "ఇవన్నీ దూడలకిట్రా? మన గేదెలు వింటే నవ్వుతాయి" అంది నాన్నతో. దూడ సంగతి మాత్రం ఆవిడకెవరూ చెప్పలేదు.

తమ్ముడు ఒక ఉదయం పుట్టాడు. నన్ను బడి మాన్పించి తీసుకెళ్ళారు. ఆసుపత్రి గదినిండా ఎండ. అమ్మ అలిసిపోయి, చెమట పట్టి, కళ్ళు మాత్రం బిడ్డ మీద. నాయనమ్మ కొంగులోంచి తేనె సీసా తీసి, ఒక పాత గుడ్డ మడత పెట్టుకుని మంచం మీద కూర్చుంది.

"అటు తిరుగమ్మాయ్, ఆ ముర్రుపాలు పిండేస్తాను. ఈలోగా వీడికి తేనె నాకిద్దాం" అంది.

అమ్మ కదల్లేదు. "పిండొద్దత్తయ్యా. వాడికే ఇస్తాను."

"చాల్లే. పచ్చగా చీములా ఉంటాయవి. పసివాడికి అరుగుతాయా? మూడో రోజు నుంచి మంచిపాలు పడతాయి, అప్పుడిద్దువుగాని. ఇదేమన్నా కొత్తా? దీనికి నేనే పిండి పారబోశాను," అని నన్ను చూపించి, కాస్త ఆగి, గొంతు తగ్గించి, "ఆ పోయిన నాయనకీ నేనే పారబోశాను" అంది.

అమ్మ నాయనమ్మ మొహంలోకే చూస్తోంది. కోపంగా కాదు. అంత పెద్ద సంగతి ఒక మనిషి మొహంలో అప్పుడే కనపడ్డట్టు చూస్తోంది. "ఆరోజు మీరు పిండుతుంటే నేనూ ఊరుకున్నాను కదత్తయ్యా" అంది. అని దూడ కథంతా చెప్పింది, మొదట్నుంచీ. జున్ను తినాలనిపించడం, తను నవ్వుకుంటూ ఊరందరికీ పంచడం, సీసాతో పట్టడం, ఆ తెల్లటి విరేచనాలు. చెబుతూ చెబుతూ భోరుమంది. "దూడకి అందలేదని ఇంతమందిమి కూర్చుని ఏడ్చాం. నా బిడ్డవి గుడ్డకి పిండేసి బయట పారేస్తే ఒక్కరికీ ఏమీ అనిపించలేదు. నాక్కూడా."

నాన్న కల్పించుకున్నాడు. "ఆ బాబు అందువల్లే పోయాడని చెప్పలేమే. మనుషుల సంగతి వేరు. దీనికీ పారబోశారు, ఇది దుక్కలా తిరుగుతోందిగా."

"అందువల్లే అని చెప్పలేరు. కాదని చెప్పగలరా?" అంది అమ్మ.

నాయనమ్మ చేతిలో గుడ్డ మడతలు విప్పుతోంది, మళ్ళీ మడుస్తోంది. కాసేపటికి తేనె సీసాకి మూత బిగించేసింది. లేచి, చేతులు కడుక్కొచ్చి, తమ్ముణ్ణి తనే ఎత్తి అమ్మ రొమ్ముకి పట్టించింది. వాడికి చాతకాక వెతుక్కుంటుంటే వేలితో పెదవి దిద్ది, "తాగరా నాయనా, నీదేరా ఇది" అంది. వాడు అందుకున్నాక, అమ్మ తల మీద చెయ్యేసి, "నన్ను తిట్టవే. తిడితే నీ బరువు తగ్గుతుంది" అంది.

"మీకు మాత్రం ఎవరు చెప్పారత్తయ్యా?" అంది అమ్మ.

వీసా అయిపోయి వెళ్ళేముందు నాయనమ్మ ఒక్కటే అడిగింది, ఆ ఆవుని చూపించమని. కడప మామ కట్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ దాని గంగడోలు నిమురుతూ, మేం పక్కనున్నామన్న ధ్యాస లేకుండా అంది. "నీ బిడ్డ పోయింది, నా మనవడు మిగిలాడు. నీకేమిచ్చి తీర్చుకోనే తల్లీ?" ఆవు దాని మానాన అది దాణా తింటోంది. నాన్న దూరంగా వెళ్ళి నిలబడ్డాడు.

ఇప్పుడు ఆ తోట లేదట, ఇళ్ళు లేచాయట. కడప మామ ఎప్పుడో ఊరికెళ్ళిపోయాడు. తమ్ముడికి నెత్తి మీద జుట్టు పల్చబడుతోంది. నాన్న ఆ తర్వాత ఏ తోటకెళ్ళినా డబ్బా మూత తియ్యకముందే, "మొదటి పాలు పట్టారా?" అని అడిగేవాడు. పట్టలేదంటే శాంపిల్ ఇవ్వకుండా తిట్టి వచ్చేవాడు.

నాయనమ్మ పోయినప్పుడు ఊరికెళ్ళాం. వచ్చిన ఆడవాళ్ళలో సగం మంది ఒకటే మాట చెప్పారు. దుబాయ్ నుంచి వచ్చాక ఆవిడ ఏ పురిటింటికెళ్ళినా గడపలోనే కేకేసేదట, ముర్రుపాలు పారబొయ్యొద్దు, బిడ్డకి పట్టండి అని. తరతరాల అలవాటు, ఎవరు ఊరికే మానతారు? మొదట్లో ఎదురు తిరిగారట. "ఎవరు చెప్పారు పెద్దమ్మా నీకు, అక్కడి పెద్ద డాక్టర్లా?" అని అడిగితే, "డాక్టరు కాదే, ఒక ఆవు చెప్పింది" అనేదట.

అని ఊరుకునేది కాదట. బిడ్డ పాలందుకునేదాకా అక్కడే కూర్చుని, లేచి వెళ్ళేముందు తనలో తను అనుకున్నట్టు, "కాస్త ముందు చెప్పుంటే బావుండేది" అనేదట.